మొదటి ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టాలి? జిల్లాల్లో ఉండే ఆర్టిస్టులకు ఉన్న దారులు

గట్టు_కుంచె (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. బీఎఫ్‌ఏ పెయింటింగ్ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేశాను. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. సాయంత్రాలూ ఆదివారాలూ నా బొమ్మలకు. గోదావరిలో బకెట్టుతో మునిగి ఇసుక తోడి పడవ నింపే వాళ్ళ మీద ఒక సిరీస్ చేస్తున్నాను. కాన్వాస్ మీద అక్రిలిక్ కొన్ని, కాగితం మీద చార్‌కోల్ కొన్ని, అన్నీ కలిపి ఇరవై దాకా అయ్యాయి.

మొన్న వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. హైదరాబాద్‌లో గ్రూప్ షో, ఒక బొమ్మకు 6,500 రూపాయలు కట్టాలి, సర్టిఫికెట్, మెమెంటో, పైగా "జాతీయ అవార్డు" కూడా ఇస్తామంటున్నారు. నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. కట్టనా? అసలు హైదరాబాద్‌లో ఒక్క షో అయినా పడకుండా ఎవరూ ఆర్టిస్టుగా లెక్కలోకి తీసుకోరని ఫ్రెండ్స్ అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఎచింగ్_ప్రెస్ (హైదరాబాద్)

కట్టొద్దు తమ్ముడూ.

డబ్బు అడిగిన ప్రతివాళ్ళూ మోసగాళ్ళని కాదు నేను అనేది. హాలు అద్దె వేరు, అవార్డు రేటు వేరు. స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట హాలు తీసుకుని నలుగురు మిత్రులు అద్దె పంచుకుంటే అది సబబైన ఖర్చు. పోటీకి ఎంట్రీ ఫీజు చిన్న మొత్తం ఉంటుంది, అదీ సబబే. కానీ బొమ్మ చూడకముందే అవార్డు ఖాయం చేసేవాళ్ళు నీ బొమ్మని ఎంపిక చేయడం లేదు, నీ డబ్బుని ఎంపిక చేస్తున్నారు. అలాంటి సర్టిఫికెట్లు బయోడేటాలో వరసగా కనిపిస్తే, చూడాల్సిన వాళ్ళు మిగతా పేజీ తిప్పరు.

మూడు ప్రశ్నలు అడుగు. జ్యూరీలో ఎవరున్నారు? కిందటి షో కేటలాగ్ పీడీఎఫ్ పంపిస్తారా? బొమ్మకి ఇన్సూరెన్స్, వాపసు పంపే ఖర్చు ఎవరిది? మూడింట్లో ఏ ఒక్కదానికి జవాబు దాటేసినా నంబరు బ్లాక్ చేసెయ్.

ఇక హైదరాబాద్ విషయం. మాదాపూర్ కావూరి హిల్స్‌లో స్టేట్ గ్యాలరీ ఉంది, రవీంద్రభారతిలో ఐసీసీఆర్ (కేంద్ర సాంస్కృతిక సంబంధాల మండలి) ఆర్ట్ గ్యాలరీ ఉంది. ప్రైవేటు గ్యాలరీల్లో సృష్టి వాళ్ళు కొత్తవాళ్ళ కోసమే "ఎమర్జింగ్ ప్యాలెట్స్" పేరుతో షో చేస్తారు. నీ వయసు వాళ్ళు తప్పకుండా గమనించాల్సింది అది. కళాకృతి గ్యాలరీ వాళ్ళకు చెందిన కృష్ణాకృతి ఫౌండేషన్ ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు ఇస్తోంది. ధీ ఆర్ట్‌స్పేస్ కూడా చూడు. ఇవేవీ "డబ్బు కట్టు, గోడ ఇస్తాం" అనే రకం కావు. వాళ్ళకి నీ పని నచ్చాలి.

సిటీ_కాన్వాస్

ఫ్రెండ్స్ చెప్పింది నిజమే అనుకుంటాను. కొనేవాళ్ళు సిటీలోనే ఉన్నారు. రాజమండ్రిలో షో పెడితే వచ్చినవాళ్ళు బాగుంది బాబూ అని టీ తాగి వెళ్ళిపోతారు.

పాత_మాస్టారు (అమలాపురం)

సిటీ_కాన్వాస్ గారూ, ఆ మాట రాజమండ్రి గురించి అనడం నాకు కష్టంగా ఉందండి. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

చిత్రకారుడు దామెర్ల రామారావు పుట్టింది 1897లో. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతిలో పనితనం చూసి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించాడు. చదువైపోయాక రామారావు బొంబాయిలో ఉండిపోవచ్చు. ఉండలేదు. రాజమండ్రికి తిరిగొచ్చి 1923లో ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి వచ్చి 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ తర్వాత ఆ స్కూలునీ, ఆ బొమ్మల్నీ కాపాడుకుంటూ వచ్చింది వరదా వెంకటరత్నం లాంటి ఆయన సహచరులు. గోదావరి గట్టు మీద ఈరోజు దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఉందంటే వాళ్ళ పుణ్యమే.

గట్టు_కుంచె బాబూ, నువ్వు వేస్తున్నది గోదావరి మనుషుల్ని. ఆ గ్యాలరీ ఉన్న ఊళ్ళో ఉంటున్నావు. ఆ బొమ్మల్ని మొదట చూడాల్సింది ఎవరో నాకైతే అనుమానం లేదు. ఇసుక పడవ వాడు తన భుజం ఎలా వంగుతుందో నీ చార్‌కోల్‌లో చూసుకుని, తప్పుంటే మొహం మీదే చెప్తాడు. ఆ విమర్శ ఏ గ్యాలరీలోనూ దొరకదు.

మా కోనసీమ చిత్రకళా పరిషత్ సంగతి కూడా చెప్పాలి. అమలాపురం లాంటి చిన్న పట్నంలో ఉండి దేశం నలుమూలల నుంచి ఎంట్రీలు పిలిచి పోటీలు నడిపిన సంస్థ అది. దాన్ని నడిపింది డ్రాయింగ్ మాస్టార్లూ బొమ్మల మీద ఇష్టం ఉన్న మామూలు జనమూ. ఇలాంటి సంస్థలే లేకపోతే మా తరంలో సగం మందికి తోటి ఆర్టిస్టు మొహం తెలిసేది కాదు.

సిటీ_కాన్వాస్

మాస్టారూ, రాజమండ్రిని తక్కువ చేయాలన్నది నా ఉద్దేశం కాదండి. అద్దె, రంగులు, కాన్వాసు ఖర్చు ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే నా బాధ. నేను ఉద్యోగం మానేసి బొమ్మల మీదే బతుకుతున్నాను. అందుకే కొనేవాళ్ళ గురించి ముందు ఆలోచిస్తాను.

పాత_మాస్టారు (అమలాపురం)

ఆ బాధ నాకు తెలుసు బాబూ. అమ్మకం సిటీలోనే జరగనీ. మొదటి చూపు మాత్రం ఇక్కడ జరగాలంటాను.

ఫ్రేము_కొట్టు (విజయవాడ)

ఎక్కడ పెట్టినా ముందు ఫ్రేమింగ్ సరిగ్గా ఉండాలి. మా షాపుకు వచ్చే కుర్రాళ్ళు బొమ్మకు నెల పెట్టి ఫ్రేముకు ఒక్క రోజు పెడతారు.

చార్‌కోల్ పనులకు అక్రిలిక్ షీట్ (గాజుకు బదులు వేసే ప్లాస్టిక్) వేయించొద్దు. తేలిగ్గా ఉంటుంది, పగలదు అని అందరూ అదే అడుగుతారు. కానీ ఆ షీటుకు స్టాటిక్ ఉంటుంది, కాగితం మీది చార్‌కోల్ పొడిని లాగేస్తుంది. కొన్నాళ్ళకు షీటు లోపలివైపు నల్లటి మరక కనిపిస్తుంది, బొమ్మ వెలవెలబోతుంది. గాజే వేయించు. గాజుకూ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) మందం ఖాళీ ఉండాలి. మౌంట్ బోర్డు యాసిడ్-ఫ్రీదే తీసుకో. మామూలు బోర్డు పెడితే నాలుగైదేళ్ళలో కాగితం అంచు చుట్టూ పసుపు గీత వస్తుంది. మీ గోదావరి తేమకు బూజు భయం కూడా ఉంది కాబట్టి ఫ్రేము వెనక గోడకు ఆనకుండా రెండు మూలలా చిన్న రబ్బరు బొడిపెలు అంటించు. గాలి ఆడుతుంది.

పార్సిల్ చేసేటప్పుడు గాజు మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా వేస్తే, పగిలినా ముక్కలు బొమ్మను కోయవు. అక్రిలిక్ కాన్వాస్‌కు బబుల్ ర్యాప్ బుడగల వైపు పెయింటుకు తగలకూడదు. మే నెలలో లారీ లోపలి వేడికి పెయింటు మెత్తబడుతుంది, బుడగల గుర్తులు బొమ్మ మీద పడిపోతాయి. అలా పడ్డ బొమ్మ ఒకటి మా దగ్గరికి వచ్చింది, ఎంత చేసినా పోలేదు.

నకాశీ_ఇల్లు (సిద్దిపేట జిల్లా)

ఇక్కడ అందరూ గ్యాలరీల గురించి మాట్లాడుతున్నారు. మా బాధ కూడా వినండి.

మాది చేర్యాల నకాశీ బొమ్మల ఇల్లు. పొడవాటి బట్ట మీద కథను బొమ్మలుగా వేస్తాం, దాన్నే పటం అంటాం. మా బాపు పటం వేసేటప్పుడు బట్ట తయారీకే కొన్ని రోజులు పట్టేది. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల ముద్ద, చెట్టు జిగురు కలిపి పూత వేయాలి, ఆరాలి, మళ్ళీ వేయాలి. దాని మీద వెనకంతా ఎర్ర రంగు పరిచి, కాకిపడగల కథకులు కథ చెప్పుకోవడానికి వరస వరసగా కథంతా దించాలి. మూడడుగుల వెడల్పు, పొడవు యాభై అరవై అడుగుల దాకా పోయేది. ఒక్కొక్క వరసా కథలో ఒక్కో ఘట్టం.

ఇప్పుడు మమ్మల్ని పిలిచేది మేళాలకే. టేబుల్ వేసి, మాస్కులూ కీచైన్లూ పెట్టించి, "ధర తగ్గించు" అనే మాటల మధ్య కూర్చోబెడతారు. ఒకసారి ఒక పెద్ద కార్యక్రమానికి పొడవాటి పటం అడిగి తీసుకుపోయారు. స్టేజీ వెనక డెకరేషన్‌గా కట్టారు, వేసినవాళ్ళ పేరు ఎక్కడా రాయలేదు. అదే పటం తెల్లగోడ మీద, లైటు కింద, పక్కన చిన్న చీటీ మీద పేరు, సంవత్సరం రాసి పెడితే ఎందుకు చూడరు? కాళహస్తి కలంకారీ వాళ్ళనీ నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్ళనీ అడగండి, ఇదే మాట చెప్తారు. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అయినా ఆర్ట్ గ్యాలరీ అనగానే తోలుబొమ్మ గుర్తొచ్చేవాళ్ళు ఎంతమంది?

ఎచింగ్_ప్రెస్ (హైదరాబాద్)

అక్కా, మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. చిత్రకారుడు కాపు రాజయ్య గారు మీ సిద్దిపేట నుంచే వచ్చారు. చిత్రకారులు తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్ళ ముదురు రంగులు, లక్ష్మాగౌడ్ గారి గీతలు తెలంగాణ పల్లెలోంచే పుట్టాయి. పల్లె బొమ్మ నుంచి తెచ్చుకున్నవాళ్ళకు గ్యాలరీలో గోడ దొరికింది, పల్లె బొమ్మ వేసేవాళ్ళకు మాత్రం టేబులే మిగిలింది. ఇది సరిదిద్దాల్సింది గ్యాలరీలూ, షోలకు బొమ్మలు ఎంచే క్యూరేటర్లూనే. గ్రూప్ షో పెట్టే మిత్రులెవరైనా ఇక్కడ ఉంటే, నకాశీ పటం వేసేవాళ్ళని తోటి ఆర్టిస్టులుగా పిలవండి, అదే సైజు పేరు చీటీతో.

చట్టం_చిత్రం

నకాశీ_ఇల్లు గారి పేరు వేయని సంగతి చదివి రాస్తున్నాను. నేను లాయర్ని, ఆర్టిస్టు ఇంట్లో పుట్టినదాన్ని.

1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 57 ఉంది. బొమ్మ అమ్మేసినా, హక్కులు రాసిచ్చేసినా, "ఇది నేను వేసింది" అని చెప్పుకునే హక్కు వేసినవాళ్ళకే ఉంటుంది. పరువు పోయేలా పనిని వక్రీకరిస్తే, పాడుచేస్తే అడగవచ్చు కూడా. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ విజ్ఞాన్ భవన్‌లోని గోడకు అమర్చిన తన మ్యూరల్‌ను తీసేసి పాడుచేసిన విషయంలో కేంద్ర ప్రభుత్వం మీదే కేసు వేసి 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు.

చాలామంది గమనించనిది ఇంకోటి. కాన్వాస్ అమ్మితే కాన్వాస్ మాత్రమే పోతుంది. కొన్నాయన దాన్ని క్యాలెండర్ మీద వేసుకోవాలంటే విడిగా రాతపూర్వకంగా హక్కు తీసుకోవాలి. రాసిచ్చిన కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్ళు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. కానీ ఎవరైనా డబ్బిచ్చి "నా బొమ్మ వెయ్యి" అని వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైటు వేయించుకున్నవాళ్ళది అవుతుంది. పోర్ట్రెయిట్ ఆర్డర్లు తీసుకునేవాళ్ళు రెండు లైన్ల కాగితం రాసుకోండి.

సెక్షన్ 53ఎ ప్రకారం పదివేలు దాటిన ధరకు మీ ఒరిజినల్ మళ్ళీ అమ్ముడుపోతే అందులో మీకూ మీ వారసులకూ వాటా ఉంటుంది, గరిష్ఠంగా పది శాతం. గ్యాలరీతో కాగితం రాసుకునేటప్పుడే ఈ మాట అందులో పెట్టించండి.

నకాశీ_ఇల్లు (సిద్దిపేట జిల్లా)

చాలా థాంక్స్ అమ్మా. సెక్షన్ నంబరు రాసిపెట్టుకున్నా. ఇకమీదట పటం అడిగినవాళ్ళకు ముందే కాగితం చూపిస్తా.

బెంగళూరు_రంగులు

బెంగళూరు దగ్గర ఉన్న అనంతపురం, చిత్తూరు వాళ్ళకు ఒక మాట. కర్ణాటక చిత్రకళా పరిషత్ ప్రతి జనవరిలో ఒక ఆదివారం చిత్ర సంతె పెడుతుంది. కుమారకృప రోడ్డంతా మూసేసి, 1,500 మంది దాకా ఆర్టిస్టులు ఫుట్‌పాత్ మీదే బొమ్మలు పెట్టుకుంటారు. మధ్యలో గ్యాలరీ ఉండదు, కొనేవాడితో మీరే మాట్లాడుకోవాలి. తెలుగువాళ్ళు చాలామందే కనిపిస్తారు. అప్లికేషన్లు నెలల ముందే పిలుస్తారు, డిసెంబరులో గుర్తొస్తే లాభం లేదు. చిన్న సైజులు ఎక్కువ తెచ్చుకోండి. మధ్యాహ్నం ఎండలో నాలుగడుగుల కాన్వాస్ చంకలో పెట్టుకుని ఎవరూ తిరగలేరు. యూపీఐ స్కానర్ పెద్దగా ప్రింట్ తీసి పెట్టండి, జనం ఎక్కువై నెట్‌వర్క్ ఇబ్బంది పెడుతుంది కాబట్టి కొంచెం నగదు చిల్లర కూడా.

గట్టు_కుంచె (రాజమహేంద్రవరం)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. 6,500 కట్టడం లేదు. జ్యూరీ ఎవరని అడిగితే రిప్లై రాలేదు.

రేటు ఎలా పెట్టాలో మాత్రం తెలియక టెన్షన్‌గా ఉంది. ఎక్కువ చెప్తే నవ్వుతారు, తక్కువ చెప్తే కాన్వాసు ఖర్చు కూడా రాదు.

ఎచింగ్_ప్రెస్ (హైదరాబాద్)

సైజును బట్టి పెట్టు, అందరికీ ఒకే లెక్క. 24×36 కాన్వాస్ అంటే 864 చదరపు అంగుళాలు. అంగుళానికి 20 రూపాయలు అనుకుంటే 17,280. గ్యాలరీ కమిషన్ సాధారణంగా 30 నుంచి 50 శాతం ఉంటుంది. 40 పోయిందనుకో, నీ చేతికి 10,368. అందులో కాన్వాసు, రంగులు, ఫ్రేము, రవాణా తీసేశాక మిగిలింది నీ రోజులకు సరిపోతుందా చూడు. సరిపోకపోతే అంగుళం రేటు పెంచు. ఇంటి దగ్గర ఒక రేటు, గ్యాలరీలో ఒక రేటు మాత్రం పెట్టకు. ఒక్కసారి తెలిస్తే ఏ గ్యాలరీ మళ్ళీ దగ్గరికి రానివ్వదు. ఇంకో సంగతి, చేత్తో వేసిన పెయింటింగుల మీద జీఎస్టీ 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు వేసే గ్యాలరీతో ధర మాట్లాడేటప్పుడు పన్ను కలిపా, కలపకుండానా అని అడుగు.

నీ చార్‌కోల్ డ్రాయింగుల్లోంచి రెండింటిని, లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసే ఎచింగ్‌గా చేయాలని నాకు ఆశ. పది కాపీల ఎడిషన్ వేసి, ప్రతి కాపీ కింద పెన్సిల్‌తో 1/10, 2/10 అని రాసి సంతకం పెడతాం. ఒక్కో కాపీ మూడు నాలుగు వేలకు ఇస్తే మీ ఊళ్ళో టీచరు కూడా కొనుక్కోగలడు. సిటీ_కాన్వాస్ గారు అన్న "టీ తాగి వెళ్ళిపోతారు" అనే సమస్యకు నాకు తెలిసిన మందు ఇదే. జనానికి బొమ్మ నచ్చకపోవడం కాదు, చేతికందే ధరలో మనం ఏమీ పెట్టడం లేదు.

సిటీ_కాన్వాస్

ఇది మంచి మాట. నేనూ చేసి చూస్తాను.

మట్టి_రాయి (విశాఖపట్నం, శిల్పం)

ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. కేంద్ర సాంస్కృతిక శాఖ తరఫున, దాని కింద ఉన్న శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ వాళ్ళు 18–25 ఏళ్ళ వాళ్ళకు నెలకు 5,000 చొప్పున రెండేళ్ళు ఇస్తారు, విజువల్ ఆర్ట్స్ కూడా అందులో ఉంది. 25–40 మధ్య ఉంటే జూనియర్ ఫెలోషిప్, నెలకు 10,000. నలభై దాటితే సీనియర్, 20,000. ఫెలోషిప్పుకు బొమ్మలొక్కటే చాలవు, ఏం పరిశోధిస్తావో ప్రాజెక్టు రాయాలి. ఇసుక పడవల సిరీస్ దానికి బాగా పనికొస్తుంది. నకాశీ_ఇల్లు అక్కా, మీ బాపు బట్ట తయారుచేసే పద్ధతిని రికార్డు చేయడం కూడా గొప్ప ప్రాజెక్టు. తప్పకుండా చూడండి.

లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శన 1955 నుంచి నడుస్తోంది, ఎంట్రీలు అందరూ పంపవచ్చు. మనకు దగ్గర్లో ఉన్న రీజనల్ సెంటర్ చెన్నై గ్రీమ్స్ రోడ్డులో ఉంది. శిల్పం, సిరామిక్, గ్రాఫిక్ (అచ్చు బొమ్మల) స్టూడియోలు ఉన్నాయి. ఇంట్లో బట్టీ, ప్రెస్సు లేనివాళ్ళకు అది పెద్ద వరం.

ఇంకా కాలేజీలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పెద్ద అంతర్జాతీయ కళాప్రదర్శన అయిన కొచ్చి బినాలేతో పాటు స్టూడెంట్స్ బినాలే కూడా జరుగుతుంది. 2012లో మొదలైన బినాలే ఆరో ఎడిషన్ 2025 డిసెంబరు 12న మొదలైంది. ఎంపిక కాకపోయినా బినాలే జరిగేటప్పుడు ఫోర్ట్ కొచ్చి వెళ్ళి ఆ గోదాముల్లో పనుల్ని ఎలా నిలబెట్టారో చూసి రండి. నా దృష్టిలో గ్యాలరీ అంటే తెల్లగోడే అన్న అభిప్రాయం అక్కడే పోయింది. మన ధాన్యం గోడౌన్లు, పాత రైస్ మిల్లులు ఎన్ని ఖాళీగా లేవు!

పాత_మాస్టారు (అమలాపురం)

మట్టి_రాయి బాబు చివర అన్నమాట పట్టుకుంటున్నాను. గట్టు_కుంచె, ముందు దామెర్ల గ్యాలరీ వాళ్ళని అడుగు. కుదరకపోతే గౌతమీ గ్రంథాలయం వాళ్ళని అడుగు. అదీ కాకపోతే మీ స్కూలు హాలే మంచిది, వేసవి సెలవుల్లో ఖాళీగానే ఉంటుంది. స్కూలు పిల్లల్ని గైడ్లుగా పెట్టు. ఒక్కో పిల్లవాడు ఒక్కో బొమ్మ దగ్గర నిలబడి చూడవచ్చినవాళ్ళకు వివరిస్తాడు. పిల్లలు చెప్తుంటే తల్లిదండ్రులు రాకుండా ఉండరు.

గట్టు_కుంచె (రాజమహేంద్రవరం)

ఈరోజు హెడ్‌మాస్టర్ గారితో మాట్లాడాను మాస్టారూ. మే మొదటి వారంలో ప్రేయర్ హాలు నాలుగు రోజులు ఇస్తామన్నారు, అద్దె లేదు. ఇసుక ర్యాంపు వాళ్ళలో ముగ్గురికి చెప్పాను, ఆదివారం పడవ ఆపి వస్తామన్నారు. హాల్లో గోడకు మేకు కొట్టొద్దని షరతు పెట్టారు. ట్యూబ్‌లైట్లే ఉన్నాయి. ఎలా వేలాడదీయాలి?

ఫ్రేము_కొట్టు (విజయవాడ)

మేకు అక్కర్లేదు. పెళ్ళి డెకరేషన్ వాళ్ళ దగ్గర ఇనప పైపుల స్టాండ్లు అద్దెకు దొరుకుతాయి. పై పైపు నుంచి నైలాన్ తాడు దించి, ఫ్రేము వెనక రెండు వైపులా డి-రింగులకు కట్టు. ఒక్క కొక్కెం మీద వేలాడదీస్తే ఫ్యాను గాలికి పక్కకు వంగుతుంది. నేల నుంచి బొమ్మ మధ్యభాగానికి 58 అంగుళాలు కొలిచి అన్నీ ఒకే ఎత్తున పెట్టు. ట్యూబ్‌లైట్ వెలుగు గాజు మీద గీతలా పడుతుంది కాబట్టి చార్‌కోల్ పనుల్ని కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడ వైపు పెట్టి, పై అంచు ఒక అంగుళం ముందుకు వంచు. ఫ్రేముల కొలతలు పంపు, మౌంట్ బోర్డు హోల్‌సేల్ రేటుకు ఇస్తాను.

ఎచింగ్_ప్రెస్ (హైదరాబాద్)

రెండు డ్రాయింగుల ఫొటోలు పంపు తమ్ముడూ, పగటి వెలుతురులో, నీడ పడకుండా, నాలుగు అంచులూ కనిపించేలా. ప్లేట్ సైజు చూసి చెప్తాను. మే అంటే టైం తక్కువే ఉంది, ఈ వారంలోనే మొదలుపెడదాం.